పసుపు కింద పదిహేను

రండి, జరిగి కూర్చోండి. వెనకవాళ్ళకి నా మొహం కనిపించకపోయినా నష్టమేమీ లేదు, చెవులుంటే చాలు. పెసల ధర గురించి రేపు మాట్లాడుకుందురుగాని. ఆ మూల వక్క కొరుకుతున్న పెద్దమనిషి నోట్లో ఉన్నది నమిలేసి, రెండోది బుగ్గన పెట్టుకుని ఊరుకుంటే అందరికీ మంచిది.

పోయినవారం చినబాబు కారు రెండోసారి కూడా దగ్గి ఆగిపోయిన దగ్గర వదిలాం. కొత్తవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను, పాతవాళ్ళు ఓపిక పట్టండి. చినబాబు గోగునార షావుకారు గారి అబ్బాయి. ఇంగ్లండు చదువుకి వెళ్ళి, చదువు అక్కడే వదిలేసి, కారు మాత్రం ఓడ మీద వేసుకుని విశాఖపట్నంలో దిగాడు. ఎర్రటి కారు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. దానికి కార్బురేటరు కూడా లేదు. మన లారీలకి పంపు డీజిలు ఎలా కొలిచి కొడుతుందో, దీనికి పెట్రోలు అలా కొడుతుంది. డిక్కీలో ఒక కరెంటు పంపు, పక్కనే అరచేతిలో ఇమిడే ఇత్తడి వాల్వు, ఆ వాల్వు నెత్తిన ఒక స్క్రూ. స్క్రూ బిగిస్తే పెట్రోలు ప్రెషరు పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. నూరు పౌన్లు ఉండాలని కారుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. అంతకి బాగా తగ్గితే జోరు మీద ఇంజనుకి పెట్రోలు చాలక దగ్గుతుంది. బాగా పెరిగితే నల్లపొగ కక్కుతుంది. ఇంతే విద్య.

దాన్ని బాగుచేస్తానని ఒప్పుకున్నవాడు దాలయ్య. శ్రీకాకుళం ఊరి చివర మూడు దారులు కలిసేచోట రేకుల షెడ్డు అతనిదే. లారీ పంపుల పని తప్ప వేరే పని ముట్టడు. పదిహేను మైళ్ళ అవతల రణస్థలం దగ్గర వస్తున్న లారీ చప్పుడు ఇక్కడ కూర్చుని విని, నాలుగో నాజిలు కారుతోందని చెప్పేసేవాడు. లారీ షెడ్డు ముందు ఆగేసరికి కొత్త నాజిలు బల్ల మీద తుడిచి పెట్టి ఉండేది. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను.

షెడ్డు దాలయ్యదే గాని దాని కింద నేల గున్నమ్మది. గున్నమ్మ అంటే ఉప్పుడు బియ్యం మిల్లు గున్నమ్మ. ఆవిడ గట్టిగా పిలిస్తే ఆమదాలవలస స్టేషనులో రైలు ఆగిపోయేది, గార్డు విజిలు అనుకుని. మిల్లుకి వచ్చే బళ్ళు నిలబెట్టుకోవడానికి ఆ చోటు ఆవిడకి కావాలి. ఇరవై ఏళ్ళుగా ఉన్న షెడ్డు తియ్యనని దాలయ్య. ఇద్దరికీ మాటామాటా పెరిగి, చినబాబు కారు సాక్షిగా పందెం కట్టుకున్నారు. షెడ్డు నుంచి కళింగపట్నం లైటుహౌసు దాకా పూర్తి జోరు మీద వెళ్ళి, దగ్గకుండా తిరిగి రావాలి. మూడుసార్లు చూస్తారు. మూడుసార్లూ దగ్గితే దాలయ్య సోమవారానికి షెడ్డు విప్పేసుకోవాలి. ఒక్కసారి దగ్గకపోయినా ఆ చోటు మాట గున్నమ్మ మళ్ళీ ఎత్తకూడదు.

రెండుసార్లు అయిపోయాయి. రెండోసారి కారు గార అనే ఊరు దాటాక అరవై మైళ్ళ వేగం అందుకుంది. ఆ విసురుకి మజ్జిగ అమ్ముకుంటూ వస్తున్న ఒకావిడ కుండలో వెన్న తేలింది. ఆవిడ ఇప్పటికీ రోజూ అదే టైముకి అదే చోట నిలబడుతోంది. సరిగ్గా వెన్న తేలిన చోటే కారు దగ్గింది.

దాలయ్యకి అర్థం కానిది ఒకటే. రెండుసార్లూ ప్రెషరు గేజీ పెట్టి, ముల్లు నూరు మీద నిలబెట్టి, నట్టు బిగించి మరీ పంపాడు. నూరు ఉన్నప్పుడు పెట్రోలు చాలకపోవడం ఏమిటి?

ఇప్పుడు ఆ గేజీ సంగతి చెప్పాలి. అంత ప్రెషరు కొలిచే గేజీ ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉంది, అది గున్నమ్మ మిల్లు బాయిలరుది. ఆవిడ భర్త బతికుండగా కలకత్తా నుంచి తెప్పించినది. మిల్లులో బాయిలరు మనిషి కూర్మయ్య. దాలయ్య అప్పని, అంటే అక్క చిన్నతల్లిని చేసుకున్నవాడు, అంటే దాలయ్యకి బావ. బాయిలరు కడగడానికని మిల్లు వారం రోజులు ఆపితే, గేజీ విప్పి బావమరిదికి తెచ్చి ఇచ్చాడు. అది తెలిసి గున్నమ్మ కోప్పడలేదు. తన గేజీ అబద్ధం ఆడదనీ, దాంతో చూసుకుని కూడా కారు దగ్గితే దాలయ్యకి చెప్పుకోవడానికి సాకు ఉండదనీ అంది.

మిల్లులో ప్రతి శుక్రవారం ఆ గేజీకి పూజ. కూర్మయ్య ఆముదంలో పసుపు కలిపి అద్దం కింది భాగానికి పట్టించి, మీద కుంకుమ బొట్టు పెట్టేవాడు. పాతదాని మీద కొత్తది. బాయిలరు వేడికి అది కుండపెంకులా గట్టిపడిపోయింది. సున్నా నుంచి ముప్పై దాకా అంకెలు ఎవరికీ కనిపించవు. కనిపించాలని ఎవరికీ లేదు, మిల్లుకి కావలసింది నూరు అంకె. దాలయ్యకి కూడా బొట్టు పెట్టిన సామాను గోకడానికి చెయ్యి రాలేదు.

ఇక గురువారం పొద్దున పది గంటలకి వద్దాం. మూడో పరీక్ష ఆ రోజే. గున్నమ్మ ఇంటి నుంచి కుర్చీ తెప్పించుకుని షెడ్డు ముందు కూర్చుంది. చినబాబు చేతికి తోలు తొడుగులు వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. జనం బీడీలన్నీ ఆర్పించి దాలయ్య డిక్కీ తెరిచాడు. కూర్మయ్య పక్కనే బ్యాటరీ తీగ పట్టుకుని నిలబడ్డాడు.

ఆవిరి గేజీ మర చుట్లకి, కారు గొట్టం మర చుట్లకి పొత్తు కుదరదు. అందుకని దాలయ్య గోగునార పురి చుట్టి, బట్టల సబ్బు రాసి బిగించేవాడు. పెట్రోలు సబ్బుని కరిగించదు, నాటు పద్ధతే గాని గట్టిది. ఆ రోజు మాత్రం పురి ఒక చుట్టు తక్కువైనట్టుంది. కూర్మయ్య తీగ తగిలించగానే పంపు కూతపెట్టింది, ముల్లు నూరుకి లేచింది, ఆ అతుకు దగ్గర నుంచి సూదిలాంటి పెట్రోలు ధార చిమ్మి గేజీ మొహం మీద పడింది. తీగ పీకమని దాలయ్య అరిచాడు. కూర్మయ్య పీకేసరికి నాలుగు క్షణాలు పట్టలేదు గాని, ఆ కాస్తలోనే ధార పోటుకి పసుపు పెంకు ఊడి కింద పడింది.

దాలయ్య గుడ్డతో అద్దం తుడిచాడు. పంపు ఆగింది కాబట్టి ముల్లు సున్నా మీద ఉండాలి. పదిహేను మీద ఉంది.

గొట్టంలో ఇంకా ప్రెషరు మిగిలి ఉందేమోనని అతుకు వదులు చేశాడు. పెట్రోలు బొట్టు బొట్టుగా కారి ఆగిపోయింది. ముల్లు పదిహేను మీదే ఉంది. వేలితో తట్టాడు. పదిహేనే. గేజీని పూర్తిగా విప్పేసి అరచేతిలో పెట్టుకున్నాడు. దేనికీ తగిలించకుండా, గాలికి వదిలేసిన గేజీ పదిహేను పౌన్లు ఉందని చెబుతోంది.

అంటే అది నూరు చూపించినప్పుడు లోపల ఉన్నది ఎనభై అయిదు. రెండుసార్లూ కారు ఎనభై అయిదు మీద పరిగెత్తింది. దాలయ్యకి కాలి మడమ దగ్గర నుంచి నెత్తి దాకా ఒక్కసారిగా అర్థమైంది. తలెత్తి బావ వైపు చూశాడు. కూర్మయ్య నేల చూస్తున్నాడు. కాసేపటికి దగ్గరికి వంగి, పెదవులు కదలకుండా అన్నాడు.

"నూటపదిహేను కాడ నిలబెట్టీసి డిక్కీ మూసీ. నన్నేటీ అడక్కు."

దాలయ్య గేజీని మళ్ళీ బిగించబోయాడు. కాని మూడు గజాల దూరంలో కూర్చున్నది గున్నమ్మ. వడ్లగింజ నేల మీద పడితే ఏ బస్తాలోంచి పడిందో చెప్పే మనిషి.

"ఏటిరా ఆ గుసగుసలు? ఆ గేజీ ఇలా తే."

"ఏటీ నేదమ్మా, అద్దం తుడుస్తన్నాను."

"తుడిసిన కాడికి సాల్లే. తే ఇలాగ."

గున్నమ్మకి అక్షరాలు రావు గాని ఆ గేజీ మీద అంకెలన్నీ వచ్చు. భర్తని మిల్లులో బుగతగారనేవారు. బతికుండగా రోజూ పొద్దున ఆయన అద్దం మీద గోరుతో కొట్టి, ముల్లు నూరు మీద ఉంటే గాని ఇంజను తిప్పనిచ్చేవాడు కాదు. ఆయన పోయిన ఈ పదకొండేళ్ళూ ఆవిడా అదే చేసేది. ఇప్పుడు గేజీని ఒళ్ళో పెట్టుకుని, అలవాటుగా గోరుతో కొట్టింది. ముల్లు కదల్లేదు. పదకొండేళ్ళ తరవాత ఆ అద్దం కింది భాగం ఆవిడ చూడడం అదే మొదలు.

"సున్నా కాడుండాల్సిన ముల్లు ఇక్కడెందుకున్నాది?"

దాలయ్య ఏదో చెప్పబోయాడు. పెట్రోలు తగిలితే గేజీలు అలా అవుతాయని చెబుదామనుకున్నాడట, తరవాత నాతో అన్నాడు. కాని కూర్మయ్య అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకి జరిపి, ఆవిడ ముందుకి వెళ్ళి నిలబడ్డాడు.

"నానే జరిపినానమ్మా. బుగతగారు పోయిన ఏడు."

ఎందుకని ఆవిడ అడిగేలోపే కూర్మయ్య తనే చెప్పుకొచ్చాడు. బాయిలరు పాతదైపోయింది. తొంభై దాటితే రివిట్ల దగ్గర చెమట పట్టినట్టు నీళ్ళు ఊరుతాయి. దాని పక్కనే కళ్ళం. ఇరవై మంది ఆడవాళ్ళు ఉడికిన ధాన్యం కలబెడుతుంటారు, వాళ్ళలో అతని పెళ్ళాం చిన్నతల్లి ఒకత్తి.

"నూరు సూపకపోతే నువ్వు ఊరుకోవు. నూరు పెడితే బాయిలరు ఊరుకోదు. మద్దిన నాను నలిగిపోనాను. ముల్లు ఊడదీసి పదిహేను ముందుకి గుచ్చీసినాను. నీకు నూరు కనబడతాది, దానికి ఎనభై అయిదే పడతాది. సున్నా కాడ నీ కన్ను పడకుండా పసుపు పూసీసినాను."

"నాతో ఒక మాట సెప్పలేకపోనావా?"

"మూడు మాట్లు సెప్పినాను. మూడో మాటు నువ్వే వచ్చి పొయ్యిలోకి ఊక ఎగదోసినావు."

గున్నమ్మ గేజీ వంక చాలాసేపు చూసింది. ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండడం ఎప్పుడూ ఎరగని కాకులు షెడ్డు మీదికి వచ్చి వాలి ఏమైందని చూశాయి. చివరికి ఆవిడ చినబాబుని పిలిచి, పుస్తకంలో ఎంత రాసి ఉందో ఇంకోసారి చదవమంది. నూరు అని చినబాబు చదివాడు. ఎనభై అయిదు ఉంటే కారు దగ్గుతుందా అని అడిగింది. జోరు మీద తప్పకుండా దగ్గుతుందన్నాడు.

అప్పుడు కూర్మయ్య వైపు తిరిగింది.

"ఇది పదకొండేళ్ళ నాటి పనో, నీ బావమరిది షెడ్డు కోసం నిన్న సేసిన పనో నాకెలా తెలుస్తాది? ఈ కారే సెప్తాది. నూటపదిహేను కాడ పెట్టు. కారు దగ్గినాదంటే ముందు రెండు మాట్లూ నిజిం నూరు మీదే దగ్గినాది, నువ్వు నిన్న సేసినావు, షెడ్డు పోతాది. దగ్గనేదంటే నువ్వు సెప్పింది నిజిం. నా మిల్లు పదకొండేళ్ళు దొంగ నూరు మీద ఆడినాది. దానికి నువ్వు నాకు బదులు సెప్పుకోవాల."

ఇప్పుడు దాలయ్య పరిస్థితి చూడండి. స్క్రూ అతని చేతి కింద ఉంది. సరిగ్గా తిప్పితే షెడ్డు దక్కుతుంది, బావ పని పోతుంది. ఈ వయసులో కూర్మయ్యకి వేరే బాయిలరు ఎవరిస్తారు? ఇచ్చినా, యజమానిని పదకొండేళ్ళు మోసం చేసినవాడని ఈ పాటికి ఊరంతా విన్నది. తప్పుగా తిప్పితే, ఓ అర చుట్టు తక్కువ బిగిస్తే చాలు, కారు దగ్గుతుంది, షెడ్డు పోతుంది, బావ ఒకరోజు అబద్ధం ఆడినవాడిగా బయటపడతాడు. దానికి గున్నమ్మ తిట్టి ఊరుకుంటుందేమో.

అతను స్పానరు డిక్కీ అంచు మీద పెట్టేశాడు.

"నాను తిప్పనమ్మా. షెడ్డు తీసీసుకో."

చినబాబు ఏదో అనబోయాడు గాని కూర్మయ్య ముందే అందుకున్నాడు. స్పానరు తీసి దాలయ్య చేతిలో పెట్టాడు. అతని మాట మామూలుగానే ఉంది, పొయ్యిలోకి ఊక తొయ్యమని చెప్పేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే.

"పదకొండేళ్ళు అబద్ధం ఆడితే నమ్మినాది. ఇయ్యాల నిజిం సెప్తే నమ్మనంటంది. ఆ కారు సేతైనా సెప్పించరా. తిప్పు."

"అప్పకి నానేటి సెప్పాల?"

"తన కళ్ళం పక్క బాయిలరు పేలనేదని సెప్పు. ముందు తిప్పు."

దాలయ్య తిప్పాడు. పురి మళ్ళీ చుట్టి, ఈసారి రెండు చుట్లు ఎక్కువే చుట్టి, గేజీ బిగించాడు. పంపు కూత పెట్టాక లాకు నట్టు వదులు చేసి, స్క్రూని పావు చుట్టు బిగించాడు. ముల్లు నూట నాలుగు. ఇంకో పావు, నూట తొమ్మిది. పంపు కూత సన్నబడింది. ఇంకొంచెం, నూటపదిహేను. లాకు నట్టు బిగిస్తే దాంతోపాటు స్క్రూ వెంట్రుకవాసి తిరిగి ముల్లు నూటపదహారు అయింది. అక్కడితో వదిలెయ్యొచ్చు, పుస్తకం ఒప్పుకుంటుంది. అతను నట్టు మళ్ళీ వదులు చేసి, ఆ ఒక్క పౌనూ వెనక్కి తీసి, స్క్రూని ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో నట్టు బిగించాడు. ముల్లు నూటపదిహేను మీద మేకు కొట్టినట్టు నిలబడింది.

గున్నమ్మ కుర్చీలోంచి లేచి చీరకొంగు నడుముకి చుట్టుకుంది. కారులో తనే కూర్చుంటానని చెప్పింది. డిక్కీలోంచి రాగి గొట్టం సీటు మీదుగా వేయించి, గేజీ చేత పట్టుకుంది. దారి పొడుగునా ముల్లుని తన కళ్ళతో చూస్తానంది. ఇంత వేగం మీద ఆడవాళ్ళు భయపడతారని చినబాబు మెల్లగా అన్నాడు. ఆవిడ అతని వంక చూసిన చూపుకి కారు దానంతట అదే స్టార్టు అయిందని కొందరు అంటారు. నేను అంత దూరం వెళ్ళను, తాళం చినబాబే తిప్పాడు.

కారు కళింగపట్నం రోడ్డెక్కింది. బావా బావమరిదీ పనిముట్ల పెట్టె మీద పక్కపక్కనే కూర్చుని చెవులు రిక్కించారు. కారు గార దాటి జోరందుకుంటే ఆ చప్పుడు ఇక్కడికి వినపడుతుంది. ఏం వినపడాలని కోరుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. చప్పుడు లేచింది. ఇంకా లేచింది. వెన్న తేలిన చోటు దాటింది. దగ్గలేదు. ఒకే దారంలా సాగి సాగి సముద్రం హోరులో కలిసిపోయింది.

దాలయ్య మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. కూర్మయ్య మాత్రం పని బాగా చేశావని బావమరిది వీపు మీద రెండుసార్లు తట్టి, దాహానికి నీళ్ళు తాగాడు.

వెళ్ళేటప్పుడు లేపిన దుమ్ము ఇంకా నేలకి దిగలేదు, ఆ దుమ్ములోంచే కారు తిరిగి వచ్చింది. గున్నమ్మ కొప్పు విడిపోయింది. కళింగపట్నం రేవులో ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు రెండు ఆ జుట్టులో చిక్కుకుని ఉన్నాయి, ఆవిడ చూసుకోలేదు. గేజీని రెండు చేతులా అలాగే పట్టుకుని ఉంది. కారు దిగకుండానే చెప్పింది.

"ముల్లు కదల్లేదు. దగ్గూ నేదు. దాలయ్యా, షెడ్డు నీది. ఆ మాట మళ్ళీ నా నోట రాదు."

జనం ఊపిరి పీల్చుకోబోయి, ఆవిడ ఇంకా కూర్మయ్య వైపు తిరగలేదని గుర్తొచ్చి ఆగారు. ఆవిడ తిరిగింది.

"ఒరే కూర్మా, ఎక్కు."

"ఎక్కడికమ్మా?"

"ఎక్కమన్నాను."

రెండు సీట్ల కారు. వెనక సామాను పెట్టుకునే జానెడు చోటులో కూర్మయ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించి ముడుచుకుని కూర్చున్నాడు. గున్నమ్మ గేజీ అతని ఒళ్ళో పెట్టింది. ఎటు వెళ్ళాలని చినబాబు అడిగితే, చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది. చినబాబు వెనక్కి తిరిగి కూర్మయ్యని ఒకసారి చూశాడు, గేరు వేశాడు.

ఎడమ చేతి దారి మిల్లుకి పోతుంది. కుడి చేతి దారి ఊళ్ళోకి, పోలీసు స్టేషనుకి పోతుంది. కారు ఆ రెండు దారులూ పట్టలేదు. వెనక్కి తిరిగి, ఇప్పుడే వచ్చిన కళింగపట్నం రోడ్డే మళ్ళీ పట్టుకుంది. అటు లైటుహౌసూ, దాని వెనక సముద్రమూ తప్ప బాయిలరు మనిషికి ఏమీ లేదు. దాలయ్య రోడ్డు మధ్యలో నిలబడి, దుమ్ములో కలిసిపోతున్న బావ తలపాగా కనిపించినంతసేపూ చూశాడు. ఆవిడ అతన్ని ఎక్కడికి తీసుకెళ్ళిందో వచ్చేవారం చెప్తాను.

పొద్దున్నుంచీ నోరు విప్పకుండా బండి కాడి మీద కూర్చుని ఇదంతా చూసినవాడు సూరయ్య, మిల్లుకి ధాన్యం తోలే మనిషి. అతను దిగి వచ్చి దాలయ్య పక్కన నిలబడ్డాడు. ఓదార్పు మాట చెబుతాడని అందరూ దారి ఇచ్చారు.

"అది సరేగాని దాలయ్యా, ఆ మిల్లు ఉప్పుడు బియ్యం మా ఇంట్లో రెండు బస్తాలున్నాయి. ఎనభై అయిదు కాడే ఉడికినాయని ఇయ్యాలే గదా తెలిసినాది. మిగతా పదిహేనూ ఇంటికాడ ఉడకబెట్టుకోవాలేటి?"